తెలియని బరువు: మూడు దారాల బోర్డు డైరీ

చీమకుర్తి గెలాక్సీ రాయి (బంగారు చుక్కల నల్ల రాయి) ముక్క ఒకటి. దాన్ని త్రాసులో పెట్టకూడదు. రెండు తెలిసిన బరువులు, వాటి దారాల మధ్య కోణం, వీటితోనే దాని బరువు తేల్చాలి. ఇంటర్ మొదటి సంవత్సరం ఫిజిక్స్ ప్రాక్టికల్స్‌లో ఉండే సమాంతర చతుర్భుజ నియమం ప్రయోగమే ఇది. కాలేజీలో బోర్డు ఒకటే ఉంది. మా అమ్మాయికి దారం ముట్టుకునే వంతు ఒక్కసారే వచ్చింది, అందుకని ఇంట్లోనే చేశాం. నేను రాయి కోసే యూనిట్లో కొలతల పని చేస్తాను. పలక కొలతలు చెబితే బరువు నోటితో చెప్పేయగలను కాబట్టి, కావాలనే అంచులు విరిగిన వంకర ముక్క ఎంచుకున్నాను. దాన్ని వాళ్ళ ఫిజిక్స్ మేడమ్ కాలేజీ త్రాసులో తూచి, అంకె చీటీ మీద రాసి, మడిచి పిన్ను కొట్టి ఇచ్చారు. ఆ చీటీ చివరి దాకా పోపుల డబ్బా అడుగున ఉంది.

లెక్క చిన్నది. మూడు దారాలు ఒక ముడి దగ్గర కలుస్తాయి. ఎడమ దారం కప్పీ మీదుగా వెళ్ళి తెలిసిన బరువు మోస్తుంది, కుడిదీ అంతే. మూడోది నిలువుగా రాయిని మోస్తుంది. ముడి కదలకుండా నిలిచిందంటే ఎడమ, కుడి లాగుళ్ళ ఫలిత బలం (రెండూ కలిపి లాగే బలం) రాయి లాగుడికి సరిసమానం. ఎడమ బరువు ‘ఎ’, కుడి బరువు ‘కు’, వాటి దారాల మధ్య కోణం ‘కో’, రాయి ‘రా’ అనుకుంటే:

రా² = ఎ² + కు² + 2 × ఎ × కు × కాస్(కో)

అంకెలన్నీ గ్రాముల బరువులోనే రాస్తాను. న్యూటన్లు కావాలంటే 1000తో భాగించి 9.8తో గుణించుకోండి.

దశ 1: బోర్డు

సామాను: 60 సెం.మీ. × 60 సెం.మీ. ప్లైవుడ్ ముక్క (12 ఎంఎం), వెనక 4 సెం.మీ. మందం చెక్క బద్దలు రెండు, స్క్రూలు, మేస్త్రీల తూకం గుండు, రసమట్టం, మూలమట్టం.

1. బద్దలు గోడకు బిగించి, వాటి మీద బోర్డు. బద్దలు లేకపోతే బరువులు గోడకు రాసుకుంటాయి.
2. పై అంచుకు 5 సెం.మీ. కింద రెండు రంధ్రాలు, మధ్యన 50 సెం.మీ. దూరం.
3. రెండు రంధ్రాల మీదుగా రసమట్టం పెట్టి ఒకే ఎత్తులో ఉన్నాయో లేదో చూడటం.
4. పైనుంచి తూకం గుండు వేలాడదీసి, బోర్డు నిటారుగా ఉందో లేదో చూడటం.

నాలుగోది మొదటిరోజు చెయ్యలేదు. రాయి దారం బోర్డు కింది అంచుకు ఆనుకుని నిలబడిపోతుంటే అప్పుడు గుండు వేశాం. బోర్డు పై అంచు కింది అంచు కంటే 8 ఎంఎం వెనక్కి ఉంది. గోడ పూత కింద లావుగా, పైన పల్చగా ఉందన్నమాట. పై బద్ద వెనక అట్టముక్కలు పెట్టి సరిచేశాను. దారం ఎక్కడైనా బోర్డును తాకితే అక్కడ మన లెక్కలో లేని నాలుగో బలం పుట్టినట్టే. ఈ పని మొత్తంలో మేం వెతికింది ఆ నాలుగో బలాన్నే అని తరవాత తెలిసింది.

ఖర్చు: స్క్రూలు 30 రూపాయలు. ప్లైవుడ్, బద్దలు యూనిట్లో ప్యాకింగ్‌లో మిగిలినవి.
ఇప్పటిదాకా: 30 రూపాయలు, 3 గంటలు.

దశ 2: కప్పీలు, దారం

కర్టెన్లకు వాడే చిన్న ప్లాస్టిక్ కప్పీలు రెండు తెచ్చాను. చేత్తో తిప్పితే గిర్రున తిరిగాయి. చేత్తో తిప్పి చూసి కొనకండి. బరువు పడనప్పుడు ఏ కప్పీ అయినా తిరుగుతుంది.

దారానికి ముందు మేస్త్రీలు వరసకు కట్టే నైలాన్ దారం వాడాను. అది బిర్రుగా ఉండి ముడి దగ్గర వంకర తిరిగింది, కోణం ఎక్కడ మొదలవుతుందో తెలియలేదు. రెండో పూట మామూలు తెల్ల కుట్టు దారం రెండు పేటలు కలిపి వాడాం. 300 గ్రాములకు తెగలేదు, ముడీ సన్నగా వచ్చింది. ముడి ఎంత చిన్నదైతే అంత మంచిది. మూడు దారాలూ ఒకే బిందువులో కలవాలి కదా.

బరువులకు కిరాణా కొట్టు నుంచి ఇనుప తూకం రాళ్ళు అడిగి తెచ్చాను. ఆరు పలకలవి, అడుగున సీసం పూడ్చి ముద్ర కొట్టినవి. 200, 50 కలిపి ఒక్కో వైపు 250. వాటికి కొక్కెం ఉండదు కాబట్టి పల్చటి క్యారీ బ్యాగుల్లో వేసి వేలాడదీశాం. రాయికి మాత్రం బైండింగు వైరుతో అడ్డంగా, నిలువుగా చుట్టు వేసి, పైన కొక్కెం వంచాను.

ఖర్చు: కప్పీలు 80, దారం 15.
ఇప్పటిదాకా: 125 రూపాయలు, 5 గంటలు.

దశ 3: మొదటి కొలతలు, మూడు జవాబులు

బోర్డు మీద డ్రాయింగ్ షీటు అంటించి, దారం వెనక రెండేసి చుక్కలు పెట్టి, దారాలు తీసేశాక గీతలు కలిపి కోణమానితో కొలిచాం.

మొదటి కొలత: ఎ = 250, కు = 250, కోణం 103 డిగ్రీలు.
కాస్ 103 = −0.225. రా² = 1,25,000 × 0.775 = 96,880. రా = 311.

మర్నాడు అదే రాయి, అవే బరువులు. కోణం 76 డిగ్రీలు.
కాస్ 76 = 0.242. రా² = 1,55,240. రా = 394.

ఒకే రాయి రాత్రికి రాత్రి 83 గ్రాములు పెరగదు. లెక్క మళ్ళీ వేశాం, సరిగ్గానే ఉంది. మా అమ్మాయి ముడిని వేలితో పట్టుకుని కాస్త పైకి ఎత్తి వదిలింది, అక్కడే ఆగింది. కిందికి లాగి వదిలింది, అక్కడా ఆగింది. “నాన్నా, ఇది ఎక్కడ వదిలితే అక్కడే కూర్చుంటోంది. నిన్న రాయిని పైనుంచి దించాం, ఇవాళ కిందినుంచి వదిలాం” అంది.

స్కేలు పెట్టి కొలిచాం. కప్పీల వరస నుంచి 20 సెం.మీ. లోతు మొదలు 32 సెం.మీ. లోతు దాకా ముడి ఎక్కడైనా నిలుస్తోంది. 12 సెంటీమీటర్ల మేర అంతా ‘సమతాస్థితి’ అయితే అందులో ఏది నిజం?

మూడోసారి ముడిని మధ్యలో ఎక్కడో వదిలాం. 92 డిగ్రీలు, రా = 347. 311కీ 394కీ నడుమ ఉంది, చూడటానికి నమ్మకంగా ఉంది. “ఇదే రాసేద్దాం నాన్నా” అంది. రాసేసేవాళ్ళమే. కానీ ఈసారి మొత్తం కోణంతో పాటు, ఒక్కో దారం నిలువు గీతతో చేసే కోణాన్ని కూడా విడిగా కొలిచి పెట్టుకున్నాం. ఎడమది 42, కుడిది 50.

ఇక్కడే ఈ డైరీలో అందరూ వాడుకోవాల్సిన పరీక్ష ఉంది. రాయి నిలువుగా మాత్రమే లాగుతుంది. అడ్డంగా లాగేవి రెండు దారాలే. ముడి నిలిచిందంటే ఆ రెండు అడ్డపు లాగుళ్ళూ సమానం కావాలి. రాయి బరువు తెలియకపోయినా సరే, ఈ పరీక్ష చేసుకోవచ్చు.

ఎడమ: 250 × సైన్ 42 = 167
కుడి: 250 × సైన్ 50 = 191.5

24 గ్రాముల తేడా. ముడి నిలబడే ఉంది కాబట్టి బలాలు సమంగానే ఉన్నాయి. అంటే దారాల్లో ఉన్న లాగుడు 250 కాదన్నమాట. కింద వేలాడే బరువుకూ, ముడి దగ్గర దారం లాగే బలానికీ మధ్య కప్పీ ఏదో మింగేస్తోంది. 347ని కొట్టేశాం. తప్పు కొలత ఒక్కోసారి మంచి అంకె ఇస్తుంది, ఆ సంగతి దీని వల్లే తెలిసింది.

ఇప్పటిదాకా: 135 రూపాయలు (షీటుతో కలిపి), 9 గంటలు.

దశ 4: కప్పీ ఎంత మింగుతోంది?

1. ఒక్క కప్పీ మీద దారం వేసి, రెండు చివర్లా 250 చొప్పున కట్టాలి.
2. ఒక వైపు సంచిలో అయిదు రూపాయల బిళ్ళలు ఒక్కొక్కటే నెమ్మదిగా జారవిడవాలి.
3. ఏ బిళ్ళకు దారం తనంతట తాను జారితే అక్కడ ఆపి, వేసిన బిళ్ళల బరువు లెక్కగట్టాలి.

ఎడమ కప్పీ 4 బిళ్ళలకు కదిలింది. కుడి కప్పీకి 6 కావాల్సి వచ్చాయి. కుడిది పాడైందనుకుని రెండు సాయంత్రాలు దాని ఇరుసు సన్న గరుకు కాగితంతో రుద్దాను. మళ్ళీ ఆరే. చివరికి బిళ్ళలన్నీ గచ్చు మీద పరిస్తే అసలు సంగతి బయటపడింది. మా ఇంటి హుండీలో పాత తెల్లటి మందపు అయిదు రూపాయల బిళ్ళలు, కొత్త పసుపు బిళ్ళలు కలిసి ఉన్నాయి. పాతది 9 గ్రాములు, కొత్తది 6 గ్రాములు. ఎడమ వైపు వేసిన నాలుగింటిలో మూడు పాతవి, ఒకటి కొత్తది: 33 గ్రాములు. కుడి వైపు ఆరూ కొత్తవి: 36 గ్రాములు. రెండు కప్పీలూ ఒకేలాంటివే, ఒకేలా చెడ్డవి. బిళ్ళలతో తూచేవాళ్ళు ముందు వాటిని రకాలవారీగా విడదీసుకోండి.

250 మీద 33 అంటే 13 శాతం. రాయిని పైనుంచి దించినప్పుడు అది బరువుల్ని పైకి లాగుతూ వస్తుంది. కప్పీ ఘర్షణ బరువుల పక్షాన చేరుతుంది, దారంలో లాగుడు 250 కంటే ఎక్కువ అవుతుంది. కిందినుంచి వదిలితే ఘర్షణ రాయి పక్షాన చేరి, లాగుడు 250 కంటే తగ్గుతుంది. ముందురోజు 311, మర్నాడు 394 ఎందుకొచ్చాయో దీంతో తేలిపోయింది.

మా అమ్మాయి ఇక్కడ ఒక మంచి లెక్క వేసింది. తెలియనివి రెండు: రాయి బరువు, ఘర్షణ. కొలతలు కూడా రెండు. ఘర్షణ ‘ఘ’ రెండు సార్లూ ఒకటే, దాని దిక్కు మాత్రం మారింది అనుకుని, 103, 76 డిగ్రీల్లో సగం కోణాలతో రాస్తే:

(250 + ఘ) × 2 × కాస్ 51.5 = (250 − ఘ) × 2 × కాస్ 38

దీన్ని సాధిస్తే ఘ = 29 గ్రాములు, రా = 348. బిళ్ళలతో వచ్చిన 33 కంటే 29 కాస్త తక్కువే, దానికీ కారణం ఉంది. బిళ్ళల పరీక్షలో దారం కప్పీ మీద పూర్తిగా వెనక్కి తిరిగి కిందికే దిగుతుంది. బోర్డు మీద ఏటవాలుగా వచ్చి తిరుగుతుంది కాబట్టి ఇరుసు మీద పడే నొక్కుడు తక్కువ, ఘర్షణా ఆ మేరకు తక్కువ.

అంకె పొందికగా వచ్చినా దాంతో ఆపలేదు. పైనుంచి దించే కొలత అయిదుసార్లు చేస్తే కోణం 100 నుంచి 105 దాకా తిరిగింది. ఘర్షణే నిలకడగా లేనప్పుడు దాన్ని లెక్కలోంచి తీసేయడం కుదరదు, ముందు దాన్ని తగ్గించాలి. బోర్డును వేలితో తట్టి చూశాం, ముడి మధ్యకు జరిగింది. 12 సెంటీమీటర్ల మేర 4కు వచ్చింది. మంచి ఉపాయమే, కానీ చాలదు.

ఇప్పటిదాకా: 135 రూపాయలు, 13 గంటలు. ఇందులో ఇరుసు రుద్దిన 3 గంటలూ వృథా.

దశ 5: బేరింగులు

608 బేరింగు తీసుకున్నాను. లోపలి రంధ్రం 8 ఎంఎం, బయట 22 ఎంఎం, మందం 7 ఎంఎం. స్కేటింగు చక్రాల్లో ఉండేదే, ఏ బేరింగుల షాపులోనైనా దొరుకుతుంది. దాని బయటి చుట్టు చదునుగా ఉంటుంది, దారం పక్కకు జారిపోతుంది. జారకుండా రెండు వైపులా 30 ఎంఎం పెద్ద వాషర్లు వేసి, 8 ఎంఎం బోల్టుతో బోర్డుకు బిగించాను.

మొదటి పరీక్షలోనే 4 కొత్త బిళ్ళలు పట్టాయి, 24 గ్రాములు. ప్లాస్టిక్ కప్పీ కంటే పెద్ద మెరుగేమీ లేదు. విప్పి చూస్తే పెద్ద వాషర్ మీద గుండ్రంగా గీత పడి ఉంది. వాషర్ తిరిగే బయటి చుట్టుకు ఆనుకుంటోంది, బోల్టు బిగించేకొద్దీ అది బ్రేకులా పట్టేస్తోంది.

మార్పు ఒకటి: బేరింగుకూ పెద్ద వాషర్‌కూ మధ్య ఒక చిన్న వాషర్. అది లోపలి చుట్టుకు మాత్రమే తగలాలి. షాపులో దొరికే 8 ఎంఎం వాషర్ బయటి కొలత 16 ఎంఎం, అది పెద్దది. నాలుగు వాషర్లను బోల్టుకు గుచ్చి, గ్రైండర్ మీద 12 ఎంఎంకు అరగదీశాను. పరీక్ష: 2 బిళ్ళలు, 12 గ్రాములు.

మార్పు రెండు: నేను తెచ్చినవి రబ్బరు మూత ఉన్న రకం. దుమ్ము పోకుండా ఉండే ఆ మూత లోపలి చుట్టును ఒరుసుకుంటూ ఉంటుంది. సూది మొనతో రెండు వైపుల మూతలూ ఊడదీసి, లోపలి గ్రీజును పెట్రోలుతో కడిగి (ఆరుబయట, పొయ్యికి దూరంగా), ఆరాక ఒక్క చుక్క కుట్టు మిషను నూనె వేశాను. పరీక్ష: అయిదు రూపాయల బిళ్ళ అక్కర్లేకపోయింది. 2011లో వచ్చిన రకం చిన్న రూపాయి బిళ్ళ ఒక్కటి వేస్తే దారం జారిపోయింది. ఆ బిళ్ళ 3.79 గ్రాములు.

33 నుంచి 4 లోపుకు దిగింది. బోర్డు మీద ముడి ఆగే మేర 23.6 నుంచి 24.6 సెం.మీ. దాకా, అంటే 12 సెంటీమీటర్లు ఒక సెంటీమీటరైంది.

ఖర్చు: బేరింగులు రెండు 120, బోల్టులు, వాషర్లు 50.
ఇప్పటిదాకా: 305 రూపాయలు, 17 గంటలు.

దశ 6: బరువులు మార్చడం, కోణమాని వదిలేయడం

ఘర్షణ తగ్గాక ఇన్నాళ్ళూ దాని చాటున దాగిన చిన్న తప్పులు పైకి తేలాయి. క్యారీ బ్యాగు బరువు ఒకటి. సంచీతో కలిపి తూస్తే 250 కాదు కదా. ఇనుప రాళ్ళు కొట్టుకు తిరిగిచ్చేసి, నాలుగు చిన్న నీళ్ళ సీసాల్లో ఇసుక పోశాను. బజారులో ఆచారిగారి బంగారం తూచే ఎలక్ట్రానిక్ త్రాసు మీద, మూత, దారం ఉచ్చు అన్నీ కలిపి, 200.0, 250.0, 250.0, 300.0 వచ్చేలా చిటికెలతో ఇసుక సర్దాం. ఆచారిగారు ఆ పని చెయ్యి వణక్కుండా చేసిపెట్టారు, డబ్బు పుచ్చుకోలేదు. రాయి అప్పుడు నా జేబులోనే ఉంది. తూచలేదు.

రెండోది కోణమాని. జామెట్రీ బాక్సులోది ఒక డిగ్రీ అటూ ఇటూ కచ్చితంగా పోతుంది. మా అమరికలో ఒక డిగ్రీ అంటే 3 గ్రాములు. దాని బదులు టేపు, సైన్ వాడాం:

1. ముడి నుంచి ఒక్కో దారం వెంట సరిగ్గా 20 సెం.మీ. దగ్గర షీటు మీద చుక్క.
2. రెండు చుక్కల మధ్య దూరం స్కేలుతో.
3. ఆ దూరంలో సగాన్ని 20తో భాగిస్తే సగం కోణం సైన్ వస్తుంది.

ఇలా చేస్తే దూరంలో ఒక మిల్లీమీటరు తప్పినా రాయి బరువులో 1.3 గ్రాములే తప్పుతుంది. 20 బదులు 30 సెం.మీ. తీసుకుంటే ఇంకా మెరుగే కానీ మా బోర్డు చాలలేదు.

మూడోది కన్ను. దారం షీటుకు ఒకటిన్నర సెంటీమీటరు ఎడంగా ఉంటుంది, చూసే కన్ను కాస్త పక్కకు జరిగితే చుక్క 2 ఎంఎం జరుగుతుంది. అద్దం సన్నటి ముక్క ఒకటి దారం వెనక పెట్టి, దారమూ దాని ప్రతిబింబమూ ఒకే గీతగా కలిసినప్పుడు చుక్క పెట్టాం. ఇరవై రూపాయల అద్దం ముక్క మీద పిసినారితనం చూపకండి.

ఇప్పటిదాకా: 325 రూపాయలు, 19 గంటలు.

దశ 7: లెక్కకు నిలిచిన కొలతలు

ప్రతి జతకూ రెండు కొలతలు తీశాం. ఒకటి రాయిని పైనుంచి దించి, రెండోది కిందినుంచి వదిలి. మిగిలిన కాస్త ఘర్షణ ఒకసారి అటు, ఒకసారి ఇటు తప్పిస్తుంది కాబట్టి సగటులో అది చాలావరకు కొట్టుకుపోతుంది.

మొదటి జత, 250 – 250:
చుక్కల దూరం 29.1, 28.5. సగటు 28.8 సెం.మీ.
సగం కోణం సైన్ = 14.4 ÷ 20 = 0.72. కాస్ = 0.694. రా = 500 × 0.694 = 347.0

రెండో జత, 300 – 200:
దూరం 29.8, 29.1. సగటు 29.45.
బరువులు వేరైనప్పుడు మొత్తం కోణం కాస్ కావాలి. కాస్(కో) = 1 − దూరం² ÷ 800 = −0.0841 (800 అంటే 2 × 20²).
రా² = 90,000 + 40,000 − 1,20,000 × 0.0841 = 1,19,900. రా = 346.3

మూడో జత, 250 – 200:
దూరం 26.0, 25.1. సగటు 25.55. కాస్(కో) = 0.184.
రా² = 62,500 + 40,000 + 18,400 = 1,20,900. రా = 347.7

మూడింటి సగటు 347.0.

అడ్డపు లాగుళ్ళ పరీక్ష మళ్ళీ చేశాం. రెండో జతలో 300 వైపు దారం నిలువుతో 35 డిగ్రీలు, 200 వైపుది 59.5. 300 × సైన్ 35 = 172.1. 200 × సైన్ 59.5 = 172.3. పాత కప్పీలతో 24 గ్రాములు ఉన్న తేడా ఇప్పుడు గ్రాములో అయిదో వంతు. నాకు ఈ పరీక్షే రాయి అంకె కంటే ఎక్కువ ధైర్యమిచ్చింది.

ఒక మాట. రెండు దారాలూ దాదాపు అడ్డంగా పడుకునేంత పెద్ద బరువులు వాడకండి. కోణం 150 దాటితే డిగ్రీకి పోయే గ్రాములు పెరుగుతాయి, రాయి బరువు మాత్రం అదే. కోణం బాగా తక్కువైతే ముడి బోర్డు దాటి కిందికి పోతుంది. 60, 120 మధ్య మాకు బాగా కుదిరింది.

అప్పుడు పోపుల డబ్బా తీశాం. చీటీ మీద: 343 గ్రాములు.

4 గ్రాముల తేడా. మూడు జతల్లో మా అంకెలు తమలో తాము గ్రామున్నర లోపే తేడాగా ఉన్నాయి కాబట్టి కొలత తప్పు కాదనిపించింది. ఏదో ఒకటి మూడింటిలోనూ ఒకేలా కలిసి ఉండాలి. అద్దం, స్కేలు, సీసాలు మళ్ళీ చూశాం. అరగంట తరవాత మా అమ్మాయి రాయిని చేతిలోకి తీసుకుని, “మేడమ్ తూచినప్పుడు ఈ వైరు లేదు నాన్నా” అంది.

సీసాలకు మూత, ఉచ్చు దాకా లెక్కపెట్టి, రాయికి నా చేత్తో నేనే చుట్టిన వైరు మరిచిపోయాను. విప్పి ఆచారిగారి దగ్గర తూస్తే 3.6 గ్రాములు.

347.0 − 3.6 = 343.4 గ్రాములు. న్యూటన్లలో 3.37.

ఇప్పటిదాకా: 325 రూపాయలు, 22 గంటలు.

దశ 8: అదే బోర్డు, బకెట్టు నీళ్ళు

బోర్డు ఉండగానే ఇంకొకటి చూశాం. రాయి వేలాడుతుండగా కిందనుంచి బకెట్టు ఎత్తి స్టూలు మీద పెట్టి, రాయి పూర్తిగా మునిగేలా చేశాం. అడుగుకూ అంచుకూ తగలకూడదు. రాయిని అంటుకున్న గాలి బుడగల్ని కుంచెతో తుడవాలి. తుడవకముందు దూరం ఒక మిల్లీమీటరు ఎక్కువ వచ్చింది.

250 – 200 జతతో దూరం 34.7, 34.5. సగటు 34.6. కాస్(కో) = −0.4965.
రా² = 1,02,500 − 49,650 = 52,850. నీళ్ళలో బరువు 229.9.

తగ్గింది 347.0 − 229.9 = 117.1. అందులో వైరు వాటా అర గ్రాము. రాయి పక్కకు తోసిన నీళ్ళు 116.6 గ్రాములు.

సాపేక్ష సాంద్రత (అంతే పరిమాణం నీళ్ళ కంటే రాయి ఎన్ని రెట్లు బరువో చెప్పే అంకె) = 343.4 ÷ 116.6 = 2.95.

ఈ అంకె దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. మామూలు గ్రానైటు 2.6, 2.7 మధ్య ఉంటుంది. గెలాక్సీని వ్యాపారంలో అందరం గ్రానైటనే అంటాం, బిల్లులోనూ అలాగే రాస్తాం. భూగర్భ శాస్త్రం ప్రకారం అది గాబ్రో – నోరైట్ జాతి రాయి. అందులో మెరిసే బంగారు చుక్కలు బ్రాంజైట్ అనే ఖనిజం. గాబ్రో జాతి గ్రానైటు కంటే బరువు, 2.9 ఆ జాతికి సరిపోయే అంకె. ఇన్నేళ్ళుగా చేతుల మీదుగా పోయిన రాయి. అదే కొలతకు గెలాక్సీ పలక ఎత్తుతుంటే ఎందుకు భారమనిపించేదో బోర్డు మీద రెండు దారాల మధ్య దూరం చెప్పింది. నీళ్ళ కొలతలో ఒక గ్రాము తప్పు ఉంటే సాంద్రత 0.03 మారుతుంది. ఆ తప్పు కలుపుకున్నా అది 2.7కు దిగదు.

ఈ బోర్డు మొదట చేయించినాయన పేరుతో ప్రాక్టికల్ పుస్తకాల్లో దీన్ని గ్రేవ్‌సాండ్ పరికరం అంటారు. 1688లో పుట్టి 1742లో పోయిన డచ్చి ప్రొఫెసర్, లైడెన్‌లో పాఠాలు చెప్పేవాడు. బలాల్ని ఇలా కలపొచ్చని అంతకు చాలా ముందే, 1586లో, అదే దేశంలో సైమన్ స్టెవిన్ తూకం మీద రాసిన పుస్తకంలో చూపించాడు. న్యూటన్ 1687లో తన నియమాల వెంటనే మొదటి ఉపసిద్ధాంతంగా దీన్నే పెట్టాడు. మా అమ్మాయి రికార్డు పుస్తకంలో ఈ సంవత్సరాలన్నీ మార్జిన్‌లో రాసుకుంది.

మొత్తం: 325 రూపాయలు, 24 గంటలు. మళ్ళీ చేస్తే ప్లాస్టిక్ కప్పీల 80, నైలాన్ దారంతో పోయిన పూట, ఇరుసు రుద్దిన 3 గంటలూ మిగులుతాయి. 245 రూపాయలు, ఒక ఆదివారం చాలు.

బోర్డు ఇంకా గోడకే ఉంది. వచ్చే ఆదివారానికి యూనిట్ నుంచి బూడిద రంగు గ్రానైటు ముక్క తెచ్చి పెట్టాను, అదీ అంచులు విరిగిందే. నీళ్ళలో 2.6, 2.7 మధ్య రావాలి. దాని వైరు ముందే తూచి షీటు మూల రాశాం: 3.1 గ్రాములు.